చప్పట్లతో నేర్పిన ఆట

"ఎనకకు ఇసురుడు నేర్పనీకి గూడ ఒక టీచర్ గావాల్నా?" ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన చెప్పే జోకు ఇది. వచ్చినవాళ్లు నవ్వుతారు. టీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వుతాను, ఎందుకంటే నవ్వకపోతే వాళ్లు వెళ్లాక "జర మజాక్ చేస్తే మూతి ముడుస్తవు" అనే రెండో అంకం ఉంటుంది. తప్పు నాదే. రెండేళ్ల కిందట ఒక ఆదివారం అన్నం తింటుండగా, రగ్బీలో బంతిని ముందుకు విసరకూడదు, బంతి పట్టుకున్న మనిషి ముందుకే పరుగెత్తాలి కానీ పక్కనో వెనకో ఉన్నవాళ్లకే అందించాలి, అని సంబరంగా చెప్పాను. మా స్కూలు సంగతులు ఆయన ఎన్నడూ అడగడు. ఆ రోజూ అడగలేదు, నాకే కడుపులో ఆగలేదు. చెప్పిందంతా వదిలేసి "వెనక్కి" అన్న ఒక్క ముక్క పట్టుకున్నాడు, ఇప్పటికీ వదల్లేదు.

నా పేరు వీణ. శాలిబండలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆడపిల్లలకు ఆటల టీచర్ని. ఇల్లు కిషన్‌బాగ్‌లో. మా ఆయనది కరెంటాఫీసులో పర్మనెంటు ఉద్యోగం. నాది పర్మనెంటు కాదు కాబట్టి మా ఇంట్లో దాన్ని ఉద్యోగం అనరు. పక్కింటివాళ్లు అడిగితే మా అత్త కాశమ్మ "ఆడనీకి పోతది" అంటుంది. ఆడటానికి పోయే మనిషిని గనక పొద్దున ఐదింటికి లేచి నీళ్లు పట్టి, మూడు డబ్బాలు కట్టి, అత్త మోకాళ్లకు నూనె రాసి, ఆరో క్లాసు చదివే మా అమ్మాయికి జడలు వేసి, ఏడున్నరకు షేర్ ఆటో ఎక్కుతాను. రగ్బీ నాకు ఎవరూ నేర్పలేదు. ఐదు రోజుల క్యాంపు ఒకటి జరిగింది, మిగతాదంతా రొట్టెలు చేస్తూ ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి చూసిన వీడియోలే. మణికట్టు ఎట్లా తిప్పితే బంతి గిర్రున తిరుగుతూ పోతుందో అర్థం కాక ఒకసారి సొరకాయను రెండు చేతులతో పట్టుకుని మా అమ్మాయికి విసిరాను. అది చక్కగా పట్టింది. మా అత్త చూసింది. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి, నేను కోపంతో కూరగాయలు నేలకేసి కొడుతున్నానన్న వార్త గల్లీ చివరి దాకా పాకింది.

మా స్కూలు గ్రౌండ్ అంటే పాత గదులు కూలగొట్టాక మిగిలిన ఖాళీ జాగా. గడ్డి లేదు. కంకర రాళ్లు పిల్లలూ నేనూ కలిసి ఏరేశాం. ఒక పక్క వెల్డింగ్ షాపు, ఇంకో పక్క టీ హోటల్, రెండింటికీ మాకూ మధ్య నడుమెత్తు గోడ. బంతులు రెండే. కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయని పిల్లలు వాటిని అండా అంటారు. గురుతుకు పెట్టే కోన్లు లేవు, చెప్పులే పెడతాం. నలుగురిని ఏటవాలు వరసలో నిలబెట్టి నడకలో పాస్‌లు ఇప్పించడంతో మొదలుపెట్టాను. చేతులు ముందే చూపించండి, బంతి వచ్చాక లేపితే ముక్కు పగులుతుంది. విసిరాక వేళ్లు విసిరిన వైపే చూడాలి. పట్టే మనిషి ఉన్న చోటికి కాదు, పరుగెత్తి చేరే చోటికి వేయండి. రోజుకు వందసార్లు ఈ మాటలే. ఆ తర్వాత నాకు అన్నిటికంటే ఇష్టమైన డ్రిల్, ఇద్దరు కలిసి ఒకరిని దాటేది. బంతి పట్టుకున్న పిల్ల అడ్డంగా ఉన్న పిల్ల వైపు నేరుగా పరుగెత్తాలి. తప్పుకోకూడదు. అవతలి పిల్ల తన మీదికి అడుగు వేసేదాకా ఆగి, అప్పుడు పక్కనున్న దానికి అందించాలి. తొందరపడితే ఆ అడ్డంగా ఉన్న పిల్ల రెండోదాని మీదికి పోతుంది. ఆలస్యం చేస్తే బంతితో సహా నువ్వే కింద పడతావు. ఆ క్షణం ఏదో తెలియడమే ఎటాక్, మిగతాదంతా ఉరుకుడే. తొమ్మిదో క్లాసు అతియాకు ఆ క్షణం ఎవరూ చెప్పకుండానే తెలుసు. హుస్సేనీ ఆలం నుంచి వస్తుంది, గట్టిగా గాలి వీస్తే పడిపోయేటట్టు ఉంటుంది, బంతి చేతికొస్తే ఎదుటివాళ్లు దాని చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోతారు. దాని పక్కన ఎప్పుడూ రూప పరుగెత్తేది.

అయితే ఈ ఆటకు గొంతు కావాలి. బంతి పట్టుకున్న పిల్ల కళ్లు ఎదుటి మనిషి మీద ఉంటాయి, వెనక ఎవరు ఎటు నుంచి వస్తున్నారో చూడలేదు. వచ్చిన పిల్లే పేరు పెట్టి అరిచి చెప్పాలి. మొదటి వారం అట్లాగే అరిచారు. పన్నెండు మంది ఆడపిల్లలు ఒకరి పేరు ఒకరు పెట్టి అరుస్తుంటే టీ హోటల్‌లో జనం గ్లాసులతో సహా గోడ దగ్గరికి వచ్చారు. వారం తిరగకుండా మా హెడ్మాస్టర్ అమరనాథ్ సార్ నన్ను గదిలోకి పిలిపించాడు. ఆడపిల్లల లొల్లి రోడ్డు మీదికి వినబడుతోందని ఎవరో అన్నారట. ఆట ఆపమనడం లేదట, కొంచెం పద్ధతిగా ఆడించమంటున్నాడట. మగపిల్లలు కబడ్డీ ఆడితే చార్మినార్ దాకా వినబడుతుంది కదా సార్, అనాలి నేను. అనలేదు. రెండు రోజులు ఆలోచించి ఉపాయం కనిపెట్టాను. కుడివైపు నుంచి వచ్చే పిల్ల ఒక్కసారి చప్పట్లు కొట్టాలి, ఎడమవైపు నుంచి వచ్చేది రెండుసార్లు. పిల్లలు నాలుగు రోజుల్లో నేర్చుకున్నారు. నోట మాట లేకుండా, అడుగుల చప్పుడూ చప్పట్లూ తప్ప ఇంకేం వినబడకుండా, బంతి ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయేది. సార్ వచ్చి చూసి "ఏం డిసిప్లిన్ మేడం" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ అప్పుడు నిజంగానే పొంగిపోయాను. గొడవ లేకుండా పని సాగించుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరనుకున్నాను. పెళ్లైనప్పటి నుంచి నేను సాధన చేసిన విద్య అదొక్కటే కదా.

నవంబరులో జిల్లా పోటీలు జరిగాయి. మొదటి రెండు మ్యాచ్‌లు పొద్దున్నే, చూసేవాళ్లు లేని గ్రౌండ్లో, సులువుగా గెలిచాం. ఫైనల్‌కు జనం వచ్చారు. అతియా నడి గీత దగ్గర బంతి అందుకుని ఇద్దరిని దాటింది. ముందు ఒక్క మనిషే అడ్డం, కుడి పక్కన రూప ఖాళీగా వస్తోంది. అంత అందంగా ఆడితే చూసేవాళ్లు ఏం చేస్తారు? చప్పట్లు కొట్టారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా అందరూ కొట్టారు. అతియా తల అటూ ఇటూ తిరగడం గీత బయట నిలబడ్డ నాకు కనిపించింది. ఏవి జనానివో ఏవి రూపవో దానికి తెలియలేదు. రెండుసార్లు విన్నాననుకుని ఎడమవైపు విసిరింది. అక్కడ ఎవరూ లేరు. అవతలి జట్టు పిల్ల ఆ బంతి ఏరుకుని, అడ్డం లేకుండా పరుగెత్తి మా గీత దాటింది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అదే జరిగింది. మా ఆట బాగున్నప్పుడల్లా చప్పట్లు, చప్పట్లు వచ్చినప్పుడల్లా బంతి పోవడం. ఇట్లా ఓడిపోయిన జట్టు ఇంకెక్కడా ఉండదు. రెండో స్థానం వచ్చినవాళ్లు కూడా వరంగల్‌లో జరిగే రాష్ట్ర పోటీలకు పోవచ్చు కాబట్టి బతికిపోయాం. తిరుగు బస్సులో అతియా నా పక్కన కూర్చుని "గల్తీ నాదే మేడం" అంది. కాదు, నాది అన్నాను. అది నేను ఓదారుస్తున్నాననుకుంది.

పేపర్లో ఫోటో పడింది. నడుమ కోచ్ కృపాకర్. మగపిల్లల పీఈటీ ఆయన, మా ప్రాక్టీసుకు మూడుసార్లు వచ్చి ఉంటాడు. జిల్లా పోటీలకు మగ సార్ పేరుంటే బాగుంటుందని అమరనాథ్ సార్ ఆయన పేరు రాశాడు, నాది లేడీ మేనేజర్ అని రాశాడు. లేడీ మేనేజర్ అంటే నీళ్ల సీసాలు, పిన్నీసులు, ఉన్నట్టుండి నెలసరి వచ్చిన పిల్లకు ప్యాడు. కృపాకర్ చెడ్డవాడు కాదు. ఆయనే సార్ దగ్గరికి పోయి "నాకు ఈ ఆట సక్కగ రాదు సార్, వరంగల్‌కు మేడం పేరే ఇయ్యుండ్రి" అని చెప్పాడు. గీత పక్కన నిలబడి జట్టుకు చెప్పడానికి ఒక్క కోచ్‌నే రానిస్తారు. సార్ సరేనన్నాడు. లిస్టు మీద కోచ్ అన్న చోట నా పేరు రాసి ఉండటం నా కళ్లతో చూశాను. నాలుగుసార్లు చదివాను. ఆ సాయంత్రం స్కూటర్ మీద మా ఆయన వెనక కూర్చుని, మూడు రోజులు వరంగల్ పోవాలి అని అన్నాను. చూద్దాం అన్నాడు. ఆయన చూద్దాం అంటే నేను సగం ఊఁ అనుకునే అలవాటు నాది.

వరంగల్‌కు మూడు వారాలే ఉన్నాయి. చప్పట్లు బంద్, ఇక నుంచి పేరు పెట్టి పిలవాలి అని చెప్పాను. పిల్లలు నోరు తెరిచారు కానీ చప్పుడు రాలేదు. చేతులు మాత్రం అలవాటుగా లేచి ఆగిపోయాయి. రెండేళ్లుగా వాళ్లను మూగవాళ్లను చేసింది నేనే. ఎవరో సార్‌తో ఒక్క మాట అంటే చాలు, సార్ నాతో ఒక్క మాట అంటే చాలు, పన్నెండు గొంతులు నేనే నొక్కాను, పైగా డిసిప్లిన్ అని మెప్పు తీసుకున్నాను. "మీరు పిలిచి చూపెట్టుండ్రి మేడం" అంది రూప. సరే, రూపను బంతితో పంపి, వెనక నేను పరుగెత్తుతూ "రూపా" అన్నాను. పక్కింటి గోడ దగ్గర నిలబడి కొంచెం ఉప్పు అడిగేటప్పుడు ఎట్లా వస్తుందో అట్లా వచ్చింది నా గొంతు. రూప ఆగకుండా పరుగెత్తింది. అతియా నా మొహం చూసి, నొచ్చుకుంటానేమోనని మెల్లగా "సునాయి నై దియా మేడం" అంది, వినబడలేదని.

ఆ రోజంతా నాకు కుదురు లేదు. మా అమ్మగారింట్లో మిద్దె మీద నిలబడి పిలిస్తే మూడు గల్లీల అవతల పతంగి ఎగరేస్తున్న మా అన్న వచ్చేవాడు. ఆ గొంతు ఏమైంది? నన్ను ఎవరూ కొట్టలేదు, నోరు మూయమని ఎవరూ అనలేదు. పెళ్లైన కొత్తలో వంటింట్లోంచి ఏదో అడిగితే "నాకేం చెవుడు లేదు" అన్నాడు మా ఆయన. దగ్గరికి పోయి చెప్పడం మొదలుపెట్టాను. "ఇంట్ల మగోళ్లు ఉన్నరు బిడ్డా, జర మెల్లగ" అంది అత్త. తగ్గించాను. "నువ్వు మాట్లాడితే లొల్లి పెట్టినట్టే ఉంటది" అన్నారెవరో ఒక పెళ్లిలో. ఇంకొంచెం తగ్గించాను. పాలు పొంగకుండా పొయ్యి తగ్గించినట్టు తగ్గిస్తూ పోతే చివరికి మంట ఉందో లేదో కూడా తెలియలేదు. ఉతికిన బట్టలు మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టాను. గిన్నెలు కడుగుతూ నల్లా బాగా విప్పి, ఆ చప్పుడులో "రూపా, కుడి" అని నాలుగుసార్లు అన్నాను. ఐదోసారి మా అత్త వచ్చి నల్లా కట్టేసింది. ఎవరితో మాట్లాడుతున్నావని అడిగింది. ఎవరితో లేదన్నాను.

పిల్లలే దారి కనిపెట్టారు. వెల్డింగ్ షాపులో గ్రైండర్ తిరుగుతున్నప్పుడు ఆ మోతలో అరవడం తేలిక, ఎవరికీ వినబడదన్న ధైర్యం. గ్రైండర్ మొదలవగానే డ్రిల్ మొదలుపెట్టేవాళ్లం. కొన్నాళ్లకు అది ఆగినా వీళ్లు ఆగలేదు. రెండో వారానికి అతియా బంతి పట్టుకుని ఎదుటి పిల్ల మీదికి పోతుంటే "అతియా, ఇటు" అని రూప గొంతు ముందు వచ్చేది, బంతి తర్వాత పోయేది. అంత పదునుగా వాళ్లు ఎప్పుడూ ఆడలేదు. అమరనాథ్ సార్ కూడా ఏమీ అనలేదు, పేపర్లో పడ్డాక మా లొల్లి కూడా పద్ధతి కిందికే వచ్చింది. పిల్లలందరికీ గొంతు తిరిగి వచ్చింది. నాకే రాలేదు. నేను విజిల్ వాడేదాన్ని.

పిల్లల ఇళ్లల్లో ఒప్పించే పని కూడా నాదే. అతియా వాళ్ల అమ్మ కుబ్రా ఇంట్లో కూర్చుని బట్టలు కుడుతుంది. మిషన్ ఆపకుండానే నా మాట విని, చివరికి ఒక్కటే చెప్పింది. "మీరు పోతుంటే పంపిస్త మేడం. ఒక్క మగ సార్‌తోని పిల్లను పంపనీకి ఇంట్ల ఒప్పుకోరు, నాక్కూడ ధైర్యం లేదు." ఇంకో నలుగురి తల్లులు కూడా అదే మాట అన్నారు. నేనే వస్తున్నాను, ఫికర్ చేయకండి అని ఐదిళ్లల్లో మాటిచ్చాను. లిస్టు మీద నా పేరు చూశాను కదా.

శుక్రవారం లిస్టు పంపాలి. గురువారం మధ్యాహ్నం అమరనాథ్ సార్ గదిలోకి హాజరు రిజిస్టర్ ఇవ్వడానికి పోతే, బల్ల మీద ఆ కాగితం ఉంది. నా పేరు కొట్టేసి పైన కృపాకర్ అని రాసి ఉంది. అడిగితే సార్ ఆశ్చర్యపోయాడు. "మీ సార్ ఫోన్ చేసిండు గద మేడం, పోయిన వారమే. ఇంట్ల ఇబ్బంది ఉంది, రాదు అన్నడు. మీకు తెల్వదా?" నాకు తెలుసన్నట్టు తల ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ అర్థం కాదు. నా మొగుడు నాకు చెప్పకుండా నా పేరు కొట్టేయించాడని ఇంకొకరి ముందు ఒప్పుకోవడం కంటే తెలిసినట్టు నటించడమే పరువనిపించింది కాబోలు.

ఇంటికి పోయాక అడిగాను. దగ్గరికి పోయి, ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తేదాకా నిలబడి, మెల్లగానే అడిగాను. ఆయనకు కోపం రాలేదు, అదే నా ఖర్మ. ఎంతో ఓపికగా చెప్పాడు. "నువ్వు అడుగుతవు. నేను వద్దంట. నువ్వు నాలుగు దినాలు మొహం మాడ్చుకుంటవు. గా లొల్లంత ఎందుకని సీదా సార్‌కే చెప్పిన. నీ మంచికే." మూడు దినాలు పొయ్యి ఎవరు ముట్టిస్తరని అత్త లోపలి నుంచి అడిగింది. ఆమెకు మోకాళ్ల నొప్పి నిజమే. మా ఆయనకు రెండు చేతులున్నాయన్నదీ నిజమే, అది మా ఇంట్లో ఎవరికీ తట్టదు. ఐదుగురు పిల్లలు ఆగిపోతారు, జట్టే పోదు, అన్నాను. "పోకుంటే ఏమైతది, ఆటే గద" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. మండిన ఒంటితోనే పోయి గిన్నెలు కడిగాను.

శుక్రవారం పొద్దున్నే సార్ గదికి పోయి, నేను వస్తాను సార్, నా పేరు రాయండి అన్నాను. అంత మాట అనడమే నాకు గొప్ప. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంట్ల మీరిద్దరు ఒక మాట అనుకోవాలె మేడం. రేపు మీ సార్ నన్ను అడిగితే నేనేం చెప్పాలె? సాయంత్రం మిమ్మల్ని తీస్కపోనీకి వస్తడు గద, ఒక్కసారి అడుగుత. ఆయన ఊఁ అంటే మీ పేరే. ఆరింటికి పంపాలె." నేను ఆ గదిలోనే ఉన్నాను, నోరు తెరిచి వస్తానన్నాను, అయినా నేను వస్తానో లేదో తెలుసుకోవడానికి ఆయన సాయంత్రం దాకా ఇంకొకరి కోసం ఆగుతున్నాడు. మర్యాదగానే ఆగుతున్నాడు. మర్యాదస్తుల మధ్య మనిషి ఎట్లా మాయమవుతుందో ఆ రోజు అర్థమైంది.

సాయంత్రం డ్రిల్ మొదలైంది. అడ్డుపడే మనిషిగా నేనే నిలబడ్డాను. అతియా నేరుగా నా మీదికి వస్తోంది, పక్కన రూప అరుస్తోంది, నేను అడుగు వేసేసరికి బంతి లేదు. మళ్లీ, అన్నాను. మళ్లీ వచ్చారు. మళ్లీ దాటిపోయారు. మాట తప్పబోతున్నానని ఈ పిల్లలకు ఇంకా తెలియదు. ఒక్కొక్కసారి నన్ను దాటి పోతూ నవ్వుతున్నారు, ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపు వస్తోంది. ఐదున్నరకు గేటు దగ్గర స్కూటర్ ఆగింది. మా ఆయన ఎప్పుడూ లోపలికి రాడు, హారన్ కొడతాడు. ఈసారి కొట్టే పని లేకుండా అమరనాథ్ సారే కాగితం పట్టుకుని ఎదురు వెళ్లాడు.

గేటు ఒక చివర, నేను ఇంకో చివర. వాళ్ల మాటలు వినబడటం లేదు. సార్ ఏదో అడిగాడు. మా ఆయన తల అడ్డంగా ఊపాడు, చెయ్యి వెనక్కి విసిరినట్టు చూపించాడు. ఏ జోకో నాకు తెలుసు. సార్ నవ్వాడు. తర్వాత కాగితాన్ని స్కూటర్ సీటు మీద పరిచి, జేబులోంచి పెన్ను తీశాడు. నడిచిపోతే నూట యాభై అడుగులు. పోయి, పక్కన నిలబడి, వాళ్లు తల ఎత్తేదాకా ఆగి, అప్పుడు చెప్పాలి. అప్పటికి రాయడం అయిపోతుంది. పిల్లలు ఆగిపోయి నా వైపు చూస్తున్నారు.

"జగదీశ్వర్" అని పిలిచాను.

మా ఆయన పేరు అది. పెళ్లైన పద్నాలుగేళ్లలో ఆ పేరు నా నోట రాలేదు. ఆస్పత్రిలో, రేషన్ షాపులో, ఓటరు లిస్టు దగ్గర భర్త పేరు అడిగితే రాసి చూపించేదాన్ని. మా అమ్మాయికి మాటలు వచ్చాక దానితో చెప్పించేదాన్ని. ఇప్పుడు అది గ్రౌండ్ దాటి, గోడ దాటి పోయింది. టీ హోటల్‌లో జనం గ్లాసులతో సహా లేచారు. సార్ పెన్ను ఆగింది. మా ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. నన్ను చూశాడు. చూసి, పిలిచింది ఎవరా అని నా వెనక వెతికాడు.

"నేనే పిలిచిన" అన్నాను, అదే గొంతుతో. "వరంగల్‌కు పోతున్న. నీకు చెప్తున్న, అడుగుతలేను. సార్, నా పేరు రాయుండ్రి."